ఆకుల మాస్టారి మాత్ర

మార్చి 2, ఆదివారం

కొత్త డైరీ మొదటి పేజీలో ఏదైనా గొప్ప మాట రాయాలని అరగంట కూర్చున్నాను. మాట రాలేదు. పెన్ను మాత్రం సిరా కక్కింది.

ఉద్యోగం పోయి రెండు నెలలు. పోయింది అని ఇక్కడొక్కచోటే రాస్తున్నాను. బయట అందరికీ మానేశానని చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళు రంగుల కంపెనీలో గోడ రంగులకు పేర్లు పెట్టాను. లేత పసుపుకు 'తొలి ఎండ', ఎవరూ కొనని బూడిద రంగుకు 'వాన ముందు నిమిషం'. ఉన్నదానికి అందమైన పేరు పెట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. పంపించేటప్పుడు మేనేజరు నా రెండు చేతులూ పట్టుకుని, ఇక హాయిగా ప్రకృతికి దగ్గరగా బతకండి అన్నాడు. అతను మర్యాదకు అన్నాడు. నేను దాన్ని ఉపదేశంగా తీసుకున్నాను.

పిన్ని పంపిన పార్సిల్ ఇవాళ వచ్చింది. చిన్న చిన్న గుడ్డ మూటల్లో తొమ్మిది రకాల విత్తనాలు. చారల చిక్కుడు, పొట్టి కాకర, తెల్ల వంగ, పేరు తెలియని గుమ్మడి ఒకటి. నలభై ఏళ్ళుగా ఏ దుకాణం ముఖమూ చూడని విత్తనాలు. ఏటా కాసిన కాయల్లో అన్నిటికన్నా మంచిదాన్ని కోయకుండా వదిలేసి, ఎండబెట్టి, దాచి, మళ్ళీ విత్తుతూ పిన్ని కాపాడుకొచ్చినవి. వాటితోపాటు ఒక సంచి నిండా ఎండుటాకు. వాసన చూస్తేనే నాలుక చేదెక్కింది. వెంటనే గుర్తుపట్టాను. బాబాయి షుగర్‌కి పొద్దున్నే తాగిన కషాయం ఈ ఆకుదే.

నాకూ షుగర్ ఉంది. ఆరేళ్ళయింది. నేను అడగకుండానే పిన్ని నాకు మందు పంపిందని గుండె నిండిపోయింది.

మార్చి 9

సబ్బు చేశాను. నూనె, క్షారం, ఎండిన పూలరేకులు వేసి మూడు గంటలు కలిపాను. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. కాలినవాళ్ళనీ విరిగినవాళ్ళనీ రోజంతా చూసి వస్తుంది కాబట్టి దేనికీ తొందరపడదు. కళ్ళకి అద్దాలు పెట్టుకున్నారా అని మాత్రం అడిగింది. పెట్టుకోలేదు. అప్పుడు పెట్టుకున్నాను.

మార్చి 12

సబ్బు గట్టిపడలేదు. పేరు మార్చాను. ఇప్పుడది తలకు రాసుకునే ముద్ద.

మార్చి 13

ముద్ద తలకు పనికిరాదు.

మార్చి 16

పొద్దున్నే ఒక గ్లాసు కషాయం. కళ్ళు మూసుకుని తాగాను, కళ్ళు తెరిచాక కూడా కాసేపు ఏమీ కనిపించలేదు. ఇక మాత్రలతో పని లేదని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ వాదించలేదు. రోజూలాగే పళ్ళెం పక్కన తెల్ల మాత్ర పెట్టి, నీళ్ళు పోసి, నేను మింగేదాకా అక్కడే నిలబడింది. మింగాను.

అది మందు కింద లెక్క కాదు. ఆవిడ మనశ్శాంతి కోసం.

మార్చి 23

మేడ మీద ఆదివారం క్లాసు మొదలుపెట్టాను. మెట్ల దగ్గర కాగితం అంటించాను: పాత విత్తనాలు, ఇంటి వైద్యం, చేతి పని, అందరికీ ఉచితం. నలుగురొచ్చారు. రిటైరైన పోస్ట్‌మాన్, బేకరీ నడిపే ఆవిడ, కింది వీధి టైలరు, నీళ్ళ ట్యాంకు చూడ్డానికి పైకి వచ్చి మొహమాటానికి కూర్చున్న ప్లంబరు.

చారల చిక్కుడు గింజ ఒక్కొక్కరి అరచేతిలో పెట్టాను. గోధుమ రంగు మీద తెల్ల చారలు, ఒక గింజ చార ఇంకో గింజకు రాదు. అందరూ చాలాసేపు మాట్లాడకుండా చూశారు. ఈ ఇరవై రెండేళ్ళలో నేను చూపించినదాన్ని ఎవరూ అంతసేపు చూడలేదు. పోస్ట్‌మాన్ వెళుతూ వెళుతూ నాకు ఆకుల మాస్టారు అని పేరు పెట్టాడు. నేను పెట్టిన పేర్లన్నిటికన్నా అది బాగుంది.

ఏప్రిల్ 6

పదకొండు మంది. ఇవాళ కషాయం గురించి చెప్పి, తలా ఒక పొట్లం ఎండుటాకు పంచాను. నా షుగర్ ఇప్పుడు అదుపులో ఉందన్నాను. ఉంది. ఈ కషాయం తాగుతున్నానన్నాను. తాగుతున్నాను. మా బాబాయి చివరిరోజు దాకా ఇదే తాగాడన్నాను. అదీ నిజమే. ఆ చివరిరోజు ఆయన నలభై తొమ్మిదో ఏట వచ్చిందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడూ నిజాలే. పక్కపక్కన పెట్టేసరికి ఇంకోలా కనిపిస్తే అది నా తప్పా?

టైలరు చెయ్యెత్తాడు. మితభాషి. మా కాలనీలో సగం మంది చొక్కాలు అతని చేతివే. అతనికి ఎనిమిదేళ్ళుగా షుగర్.

"మరి మీరు మాత్రలు పూర్తిగా మానేశారా మాస్టారూ?" అని అడిగాడు.

నవ్వాను.

నవ్వడం అబద్ధం చెప్పడం కాదు. ఇప్పుడే దీని గురించి చాలాసేపు ఆలోచించాను. కాదు.

ఏప్రిల్ 13

రంగుల అద్దకం క్లాసు. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్క. అందరి చేతులూ అద్భుతంగా రంగెక్కాయి, గుడ్డలకు అంతగా పట్టలేదు.

ఏప్రిల్ 14

రంగు గుడ్డకు పట్టలేదని రాశాను. పట్టింది. నేను నానబెట్టిన బకెట్టులోనే మా ఆవిడ యూనిఫాం ఉందని నాకు తెలియదు. తెల్లటి కోటు ఇప్పుడు తడిసిన అట్టపెట్టెలా ఉంది. పక్కవార్డు నర్సు దగ్గర అడిగి తెచ్చుకున్న కోటుతో డ్యూటీకి వెళ్ళింది. అది మోకాళ్ళ కింద దాకా ఉంది. వెళ్ళేముందు పళ్ళెం పక్కన మాత్ర పెట్టడం మర్చిపోలేదు. ఆ నిబ్బరమే నాకు భయం.

ఏప్రిల్ 27

టైలరు క్లాసయ్యాక ఆగాడు. మూడు వారాలుగా కషాయం తాగుతున్నానని, ఒళ్ళు తేలిగ్గా ఉందని చెప్పాడు. మాత్రలు ఆపేశాడట. పరీక్ష చేయించావా అని అడగబోయి, అతని ముఖంలో వెలుగు చూసి ఆగిపోయాను. అంత నమ్మకంగా ఎవరైనా నా వైపు చూసి ఎన్నాళ్ళయింది?

తర్వాత చెప్పు విప్పి కాలు చూపించాడు. కొత్త చెప్పు కరిచి చిటికెన వేలి పక్కన బొబ్బ. చిన్నదే. నొప్పి కూడా లేదన్నాడు. మేడ మీద నేనే పెంచిన పొట్టి కాకర ఆకు లేతగా ఉంది, కోసి, నూరి, నా చేతులతోనే పట్టువేసి గుడ్డ కట్టాను. వద్దు వద్దంటూ కాలు వెనక్కి తీసుకోబోయాడు, పెద్దవారు మీరు నా కాలు పట్టుకోవడమేమిటని. నేను వినలేదు. చూస్తున్నవాళ్ళు ఐదుగురున్నారు మరి.

మే 1

టైలరు కుంటుతున్నాడేమిటి అని మా ఆవిడ అడిగింది. దుకాణం ముందు నుంచి వస్తూ చూసిందట. చెప్పు కరిచింది, పట్టు వేశానన్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపింది. షుగర్ ఉన్నవాడి కాలి పుండు ఇంట్లో చూసుకునేది కాదు, నొప్పి లేకపోతే మరీ ప్రమాదం, రేపే ఆసుపత్రికి రమ్మనండి అంది. చెబుతానన్నాను.

మే 2

మా ఆవిడ చెప్పారా అని అడిగింది. చెప్పానన్నాను.

చెబుదామనే వెళ్ళాను. దుకాణంలో జనం ఉన్నారు. వాళ్ళ ముందు నా పట్టు విప్పించుకోమని నేనే ఎలా చెప్పను. రేపు చెబుతాను.

మే 4

టైలరు క్లాసుకు రాలేదు. చిక్కుడు పూత పట్టింది.

మే 6

దుకాణం రెండు రోజులుగా మూసి ఉంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. సంచి కింద పెట్టి, పెరటి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చుంది. టైలరును నిన్న జ్వరంతో తీసుకొచ్చారట. పాదమంతా వాచి నల్లబడింది. షుగర్ కొలిచే మిషన్ అంకె చూపించలేక చేతులెత్తేసిందట. పేరు, వయసు రాసుకుంటూ, మాత్రలు ఎప్పుడు మానేశారని ఆవిడే అడిగింది. ఆకుల మాస్టారు గారు కూడా మానేశారు కదమ్మా, అందుకని, అన్నాడట. ఆ మాస్టారు తన మొగుడేనని ఆవిడ వార్డులో ఎవరికీ చెప్పలేదు.

నేను ఎప్పుడూ నోటితో మానేశానని అనలేదన్నాను.

"మీకు రోజూ మాత్ర ఇచ్చేది నేను," అంది. "ఆ సంగతి అతనికి మీరు చెప్పకపోతే, నేనూ మీతో కలిసి అతన్ని మోసం చేసినట్టే. నాకది వద్దండీ."

ఇంకేమీ అనలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరుపుకు ఎదురు మాట్లాడటం నాకు వచ్చు.

మే 7

మొక్కలకు నీళ్ళు పోశాను.

మే 8

రెండు వేళ్ళు తీసేశారు. చిటికెన వేలు, దాని పక్కది. పాదం దక్కిందని మా ఆవిడ చెప్పింది. ఇంకో మూడు రోజులు ఆగితే అదీ దక్కేది కాదట. మే రెండు నుంచి ఐదు దాకా ఎన్ని రోజులో వేళ్ళ మీద లెక్కపెట్టాను. లెక్కపెట్టడానికి నాకు వేళ్ళు అన్నీ ఉన్నాయి.

పిన్నికి ఫోన్ చేశాను. ఆ ఆకు కషాయం ఎన్ని గ్లాసులు, ఏ పూట అని అడగాలనుకున్నాను. తప్పు కొలతది అని తేలితే నాది కాకుండా పోతుంది కదా. పిన్ని ఏ ఆకురా అంది. సంచిలో పంపావు కదా, చేదుది అన్నాను.

"అది గింజలకి పురుగు పట్టకుండా పెట్టానురా," అంది పిన్ని. "తాగావా ఏమిటి?"

బాబాయి తాగేవాడు కదా అన్నాను. పిన్ని చాలా మామూలుగా చెప్పింది. అప్పట్లో ఆసుపత్రి ఒక రోజు ప్రయాణం. మందు దొరికితే మందే వేసేవాళ్ళం. దొరకలేదు. చేతులు కట్టుకుని కూర్చోలేక ఏదో ఒకటి కాచి ఇచ్చాను. ఆ మనిషి నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక తాగాడు.

ఫోన్ పెట్టేశాక ఆ సంచి చూస్తూ కూర్చున్నాను. రెండు నెలలుగా నేను తాగుతున్నది పురుగుల మందు. నవ్వు రావాలి. నా గురించి నాకు నవ్వు రావడం అలవాటే. రాలేదు.

మే 9

ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వచ్చాను. చూడ్డానికి వేళ దాటిపోయిందని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ పనిచేసేది ఆ ఆసుపత్రిలోనే. వేళలు ఆవిడకే తెలియవనుకున్నాను.

మే 10

వెళ్ళాను.

ఆరు మంచాల గది. అతనిది కిటికీ పక్కది. కాలి మీద దుప్పటి ఎత్తుగా ఉంది, కింద ఏదో చట్రం పెట్టారు. టైలరు భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, రండి అన్నయ్యగారూ అని స్టూలు నా వైపు జరిపింది. ఆ స్టూలు మీద నేను కూర్చోలేదు. ఇంటి నుంచి నాలుగు వాక్యాలు తయారు చేసుకుని వెళ్ళాను. మొదటిది, మన ఇద్దరం ఒక పొరపాటు నమ్మకానికి బలయ్యాం అని. దారిలో బాగానే అనిపించింది. అతని ముఖం చూశాక అది ఎంత సిగ్గుమాలిన వాక్యమో తెలిసింది. ఇద్దరం అట.

"నేను మాత్రలు మానలేదు," అన్నాను. "ఒక్కరోజు కూడా మానలేదు. మా ఆవిడ ఇస్తుంది, రోజూ వేసుకుంటున్నాను. మీరు అడిగిన రోజు కూడా వేసుకునే వచ్చాను."

టైలరు భార్య మొగుడి వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు. నేను ఇంకా చెప్పాను. మే ఒకటో తారీఖునే కాలు చూపించమని మా ఆవిడ చెప్పిందని, దుకాణంలో జనం ఉన్నారని నేను చెప్పకుండా వెనక్కి వచ్చానని చెప్పాను. ఇది చెప్పకపోయినా అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు. అందుకే చెప్పాను అని రాసుకుంటే బాగుంటుంది. నిజానికి అప్పటికే నోరు ఆగలేదు, అంతే.

చాలాసేపటికి టైలరు ఇటు తిరిగాడు.

"ఆ రోజు నవ్వారు కదా మాస్టారూ," అన్నాడు. "నవ్వకుండా, వేసుకుంటున్నానయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది."

అవునన్నాను.

"నేను కుట్టిన చొక్కా బాగోకపోతే జనం తెచ్చి నా ముఖానే కొడతారు. మీకు ఎవరు తెచ్చివ్వాలి?"

ఇక వెళ్ళండి, కాలు లాగుతోంది అన్నాడు. టైలరు భార్య గుమ్మం దాకా వచ్చింది. మళ్ళీ రావద్దండీ అని నెమ్మదిగా అంది. ఈసారి అన్నయ్యగారూ అనలేదు.

మే 11, ఆదివారం

క్లాసు ఎగ్గొడదామనుకున్నాను. జ్వరమని కాగితం కూడా రాశాను. మా ఆవిడ అది చదివి, మడిచి, నా జేబులో పెట్టింది. రక్తపోటు చూసే మిషన్ తీసుకుని నాకన్నా ముందు మేడెక్కింది.

పదమూడు మంది వచ్చారు. సగం మందికి టైలరు సంగతి తెలుసు. నిలబడి చెప్పాను. మాత్ర, నవ్వు, బాబాయి నలభై తొమ్మిదో ఏడు, పురుగుల ఆకు, పట్టు, నేను చెప్పకుండా దాచిన మాట, అన్నీ. పనిలో పనిగా ఉద్యోగం నేను మానలేదని, వాళ్ళే పంపించేశారని కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు, ఎవరికీ అక్కరలేదు కూడా.

తర్వాత, నా మాట విని మందులు ఆపినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. ఇది అడగాలని నాకు తట్టలేదు, మా ఆవిడ నేర్పింది. కాసేపటికి బేకరీ ఆవిడ చెయ్యి మెల్లగా లేచింది. నెల రోజులుగా రక్తపోటు మాత్రలు ఆపేసిందట. మా ఆవిడ ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి మిషన్ చుట్టింది. అంకె చూసి, ఆ పట్టీ విప్పకుండానే, చెప్పులేసుకోండి మనం ఆసుపత్రికి వెళదాం అంది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ తిట్టలేదు. ప్లంబరు మాత్రం వెళుతూ, మీ ట్యాంకు ఇక వేరేవాళ్ళతో చూపించుకోండి అన్నాడు. అతని మామకు కూడా ఆ ఆకు ఇచ్చాడట, అదృష్టం, ఆయన ఉమ్మేశాడట.

చివరికి పోస్ట్‌మాన్ ఒక్కడే మిగిలాడు. చిక్కుడు పందిరి దగ్గర నిలబడి కాయలు చూస్తున్నాడు.

"మరి ఈ చిక్కుడైనా చిక్కుడేనా మాస్టారూ?" అన్నాడు.

చిక్కుడేనన్నాను. ఇది ఏ జబ్బూ తగ్గించదు, కూర వండుకోవచ్చు, గింజ దాచుకుంటే వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది, అంతకుమించి దీని గురించి నాకేమీ తెలియదన్నాను. అయితే ఒక కాయ నాకు ఎండనివ్వండి అన్నాడు.

మే 12

బేకరీ ఆవిడ బాగానే ఉంది. మందు మళ్ళీ మొదలుపెట్టారు. ఇంకో వారం గడిచి ఉంటే అని మా ఆవిడ మొదలుపెట్టి, నా ముఖం చూసి పూర్తిచేయలేదు. ఆవిడ నాపై జాలి చూపించడం ఈ మధ్య ఇదే మొదటిసారి. తీసుకున్నాను.

మే 18

మెట్ల దగ్గర కాగితం పీకేశాను. దాని కింద గోడ రంగు కొత్తగా ఉంది. మా కంపెనీ రంగే. పేరు గుర్తుంది, రాయను.

మే 25

టైలరు ఇంటికి వచ్చాడని మా ఆవిడ చెప్పింది. వెళ్ళాలనుకున్నాను. మళ్ళీ రావద్దని టైలరు భార్య అన్నది కదా, ఆమె మాట గౌరవించాలి కదా అనుకున్నాను. పిరికితనానికి ఎంత మంచి పేరు పెట్టాను.

జూన్ 1

దుకాణం తెరిచారు. వెళ్ళాను.

టైలరు ఎత్తు కుర్చీలో కూర్చుని బట్ట కత్తిరిస్తున్నాడు. కట్టు ఉన్న కాలు ఒక పెట్టె మీద చాచి ఉంది. మిషన్ తొక్కేది ఇప్పుడు అతని భార్య. ఆమెకు అది కొత్త. కుట్టు వంకర పోయినప్పుడల్లా అతను కత్తెర ఆపి చూస్తాడు, ఏమీ అనడు, ఆమే విప్పుతుంది. బొత్తాలు కుట్టాల్సిన చొక్కాలు బల్ల మీద నా నడుమెత్తు ఉన్నాయి. నన్ను ఇద్దరూ చూశారు. ఎవరూ పలకరించలేదు. గుమ్మం పక్కన నిలబడ్డాను. కొలతలివ్వడానికి ఒకాయన వచ్చి వెళ్ళాడు. ఒకావిడ వచ్చి, చొక్కా ఇంకా కాలేదా అని విసుక్కుని వెళ్ళింది. నేను నిలబడే ఉన్నాను. ఎంతసేపో తెలియదు, మోకాళ్ళకు తెలుసు.

చివరికి టైలరు, తల ఎత్తకుండానే, ఏం కావాలి అన్నాడు. ఆ బొత్తాలు నేను కుడతానన్నాను.

"కుట్టడం వచ్చా?"

"వచ్చు."

కత్తెర పక్కన పెట్టాడు. నా వైపు చూశాడు. చేతి పనుల క్లాసు నడిపిన మనిషిని, బొత్తం కుట్టడం రాదని ఎలా చెప్పను. అతను చూస్తూనే ఉన్నాడు.

"రాదు," అన్నాను.

టైలరు భార్య మిషన్ ఆపింది. అతను పక్కనున్న స్టూలు మీది గుడ్డపేలికలు కింద పడేసి, సూది దారం నా వైపు తోశాడు.

"కూర్చోండి. ముందు దారం ఎక్కించండి, చూస్తాను."

జూన్ 2

తొమ్మిది బొత్తాలు కుట్టాను. ఏడు విప్పించాడు.